ట్రావిస్ పికింగ్: ముందు బొటనవేలికి నేర్పండి

అమెరికాలోని కెంటకీకి చెందిన గిటారిస్టు మెర్ల్ ట్రావిస్ పేరుమీద వచ్చిన, గిటార్‌ను వేళ్లతో మీటే పద్ధతి ఇది. ఆయన ఎక్కువగా బొటనవేలు, చూపుడువేలుతోనే వాయించేవారు. మనకు మధ్యవేలు కూడా కలిస్తే సులువు.

సి మేజర్ కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) పట్టండి. తీగల్లో అన్నిటికన్నా సన్ననిది 1వది. బొటనవేలితో 5వ తీగ, 4వ తీగ, 5, 4 అని ఒక్కో తాళానికి (బీట్‌కి) ఒక్కో దెబ్బ వేయండి. మెట్రోనోమ్‌ను (తాళం కొట్టే పరికరం) నిమిషానికి 60 దగ్గర పెట్టి, రెండు నిమిషాలు తడబడకుండా సాగేవరకు మిగతా వేళ్లను కదపకండి. చాలామంది తొందరపడేది ఇక్కడే. బొటనవేలు తనంతట తాను నడవకపోతే, మిగతా వేళ్లు కలిపిన క్షణాన అది వాటి వెంటే పోతుంది, తాళం చెడుతుంది.

ఇప్పుడు 1వ తాళంలో 5వ తీగను బొటనవేలితో, 1వ తీగను మధ్యవేలితో ఒకేసారి మీటండి. 2వ తాళంలో బొటనవేలు 4వ తీగ మీద. ఆ వెంటనే, అర తాళంలో, చూపుడువేలు 2వ తీగ. 3లో మళ్లీ 5వ తీగ, అర తాళానికి మధ్యవేలితో 1వ తీగ. 4లో 4వ తీగ, అర తాళానికి 2వ తీగ. అంతే, మళ్లీ మొదటికి.

తీగ ఫట్‌మని ఫ్రెట్లకు (గిటార్ మెడ మీది లోహపు కడ్డీలకు) కొట్టుకుంటోందంటే వేలు దాన్ని పైకి లాగుతోందన్నమాట. అరచేతి వైపుకు మీటాలి. వేళ్లు గుద్దుకుంటుంటే బొటనవేలిని మెడ వైపుకు, చూపుడువేలి కంటే ముందుకు జరపండి. అరచేతి అంచును బ్రిడ్జి (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే పట్టీ) దగ్గర బాస్ తీగల (లావు తీగల) మీద తేలిగ్గా ఆనిస్తే ఆ అసలైన మొద్దు ధ్వని వస్తుంది, ఎంత అందమో! గట్టిగా నొక్కితే మాత్రం స్వరమే చచ్చిపోతుంది. మెట్రోనోమ్ వేగం ఒక్కసారికి 4 చొప్పున పెంచండి.