చెంచా కన్నా సిరంజి నయం

పిల్లలకి జ్వరం సిరప్ పట్టే టైమ్‌కి కొలత కప్పు కనిపించదు. ఇంట్లో చెంచాలేమో ఒక్కోటి ఒక్కో సైజు. హైదరాబాద్‌లో ఏ గల్లీ మెడికల్ షాపులో అడిగినా సూది లేని 5 మి.లీ. సిరంజి దొరుకుతుంది, ఖరీదు కూడా తక్కువే. మూత ఉంటే ముందే పారేయండి, గొంతులో అడ్డం పడొచ్చు. సీసా బాగా కుదిపి, మందు లాగి, గాలి బుడగ బయటికి నెట్టాక గీత చూసుకోవాలి. పిల్లని కూర్చోబెట్టి బుగ్గ లోపలి వైపు కొంచెం కొంచెంగా వదలండి. నేరుగా గొంతులోకి కొడితే పొలమారుతుంది. (బుగ్గలో వదిలితే ఉమ్మేయడం కూడా తగ్గుతుంది లెండి.)

సీసా మారితే మాత్రం పాత కొలత పనికిరాదు. పారాసిటమాల్ సిరప్ 5 మి.లీ.లో 120 మి.గ్రా. ఉన్నదీ వస్తుంది, 250 ఉన్నదీ వస్తుంది. చుక్కల మందులో అయితే సాధారణంగా 1 మి.లీ.కే 100 మి.గ్రా. ఉంటుంది. లేబుల్ చూపించి, ఎన్ని మి.లీ. వేయాలో డాక్టర్‌ని అడగండి.