కీబోర్డులో లేయర్, స్ప్లిట్ ఎలా పెట్టుకోవాలి?

ఒకే మీట నొక్కితే రెండు వాయిద్యాలు కలిసి పలకడం లేయర్. కొన్ని మోడళ్లలో దీన్నే డ్యూయల్ అంటారు. మీటల్ని రెండు భాగాలు చేసి ఎడమ చేతికి ఒక వాయిద్యం, కుడి చేతికి ఇంకొకటి ఇస్తే స్ప్లిట్.

లేయర్ రెండు నిమిషాల పని. మెయిన్ వాయిస్‌గా, అంటే ప్రధాన వాయిద్యంగా పియానో పెట్టి, డ్యూయల్ నొక్కి, స్ట్రింగ్స్ ఎంచుకోండి. వెంటనే స్ట్రింగ్స్ వాల్యూమ్ తగ్గించండి. పియానో 100లో ఉంటే స్ట్రింగ్స్ 60 దాటకూడదు. అవి విడిగా వినపడుతున్నాయంటే ఎక్కువైనట్టే. తీసేస్తే మాత్రం ఏదో వెలితి తెలియాలి. మూడో వాయిస్ కలిపే వీలున్నా దాని జోలికి పోవద్దు. లేయర్‌లో ప్రతి మీటా కనీసం రెండు స్వరాల ఖర్చు. 64 పాలీఫొనీ, అంటే ఒకేసారి 64 స్వరాలు పలికే సామర్థ్యం కూడా, సస్టెయిన్ పెడల్ (మీట వదిలినా స్వరాన్ని సాగదీసేది) తొక్కి ఉంచితే ఇట్టే అయిపోతుంది, ముందు నొక్కిన స్వరాలు మధ్యలోనే తెగిపోతాయి.

అందరూ బోల్తా పడేది స్ప్లిట్ పాయింట్ దగ్గర, అంటే రెండు భాగాలూ విడిపోయే మీట దగ్గర. కంపెనీ పెట్టినదాన్నే అలా వదిలేస్తారు. చాలా యమహా పోర్టబుల్ కీబోర్డుల్లో అది 54, అంటే మిడిల్ సి కింద ఉన్న ఎఫ్ షార్ప్. మీ పాటకు అది సరిపోవాలని ఎక్కడా లేదు.

ముందు కుడిచేతి ట్యూన్‌లో అన్నిటికన్నా కింది స్వరం ఏదో వెతకండి. పల్లవి ఒక్కటే చూస్తే చాలదు, ఆఖరి చరణం దాకా వాయించి చూడండి. నేనొకసారి పల్లవి చూసుకునే స్టేజి ఎక్కాను. చరణంలో ఒక్క స్వరం గీత దాటింది, ఫ్లూట్ పలకాల్సిన చోట బేస్ గిటార్ ధబ్‌మంది.

ఆ కింది స్వరం కన్నా రెండు మూడు మీటలు ఎడమగా పాయింట్ పెట్టండి. పెట్టాక ఆ మీటనే నొక్కి వినండి. కొన్ని కీబోర్డుల్లో అది ఎడమ భాగంలోకి వస్తుంది, కొన్నింటిలో కుడిలోకి.

ట్యూన్ మరీ కిందికి దిగుతుంటే పాయింట్‌ను ఇంకా ఎడమకు నెట్టకండి, 61 మీటల్లో బేస్‌కు చోటే మిగలదు. కుడి వాయిస్‌కు మాత్రం ఆక్టేవ్ మైనస్ 1 పెట్టి, ఒక స్థాయి పైన వాయించండి. వినపడేది అసలు స్థాయిలోనే. దీన్ని ట్రాన్స్‌పోజ్ బటన్‌తో సర్దేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అది రెండు చేతుల్నీ కలిపి జరుపుతుంది కదా, ఇక ఒరిగేదేముంది?

పెడల్ కూడా చూసుకోండి. తొక్కితే బేస్ స్వరాలు ఒకదాని మీద ఒకటి పడి బురదలా వినిపిస్తాయి. ఎడమ భాగానికి సస్టెయిన్ ఆపే సెట్టింగ్ ఉంటే ఆపండి, లేకపోతే స్ప్లిట్ ఉన్నంతసేపూ పెడల్ మీద కాలు పెట్టకండి.

అంతా కుదిరాక రిజిస్ట్రేషన్ మెమరీలో, అంటే సెట్టింగులన్నీ ఒక నంబర్ కింద దాచుకునే చోట, సేవ్ చేయండి. తర్వాత కీబోర్డు ఆపి, మళ్లీ ఆన్ చేసి, ఆ నంబర్ నొక్కి, పాయింట్‌కు అటో మీట, ఇటో మీట వాయించి చూసుకోండి.