పాడుబడ్డ గోడను మట్టిలో దించేటప్పుడు వచ్చే తంటాలు: సమస్య - పరిష్కారం

కోనసీమలో పెచ్చులూడిన మండువా లోగిళ్లను, యానాంలోని పాతకాలపు గుమ్మాలను చూసి సెరామిక్ పలకలు చేయాలనిపిస్తుంది. చిక్కేమిటంటే పలకలో శిథిలం కనబడాలి గానీ పలకే శిథిలమైపోకూడదు.

సమస్య: కిల్న్‌లోంచి (మట్టి కాల్చే బట్టీలోంచి) బాగానే వచ్చింది, వారానికల్లా పెచ్చులు లేచాయి

పెచ్చు ఊడిన గుంటలోకి చూడండి. అడుగున ఆవగింజంత తెల్లచుక్క ఉంటే అది సున్నం బెడ్డే. పాత గోడకు పచ్చిమట్టి అదిమి అచ్చు తీసినప్పుడు గుల్లసున్నం పొడి మట్టికి అంటుకుని వచ్చేస్తుంది. సుమారు 850 డిగ్రీలు దాటితే అది నీళ్లు తగిలితే పొంగే సున్నంగా మారుతుంది. ఆపైన గాలిలోని తేమ తాగి ఉబ్బి పైపొరను తన్నేస్తుంది. శ్రావణంలో కాల్చిన నా పలక నాలుగో రోజుకే టప్పుమంది. పక్క ఊరి కుమ్మరాయన చూసి, "బెడ్డ ఉందండి, ఇంకా లేస్తాయండి" అన్నాడు. లేచాయి.

ఈసారి గోడకీ మట్టికీ మధ్య పలచటి ప్లాస్టిక్ కాగితం వేయండి. గీతలు కాస్త మొద్దుబారతాయి, తప్పదు. కాల్చేసిన ముక్కైతే కిల్న్‌లోంచి తీయగానే, చేతికి గోరువెచ్చగా ఉన్నప్పుడే, బకెట్ నీళ్లలో ముంచి కొన్ని గంటలు ఉంచండి. చిన్న బెడ్డలు చాలావరకు నెమ్మదిస్తాయి, పెద్దవి లొంగవు. 1200 డిగ్రీలకు కాలిస్తే సున్నం మట్టిలో కలిసిపోతుందని కొందరంటారు. అది స్టోన్‌వేర్ మట్టి (ఎక్కువ వేడికి తట్టుకునే మట్టి) సంగతి. మన ఒండ్రుమట్టి అంత వేడికి మెత్తబడి కూలబడిపోతుంది.

(గోడ ముట్టుకునే ముందు ఇంటివాళ్లని అడగండి. పాముల సంగతీ అడగండి.)

సమస్య: చెద తిన్నట్టు కనబడాలని ఊక కలిపితే లోపల నల్లగా ఉండిపోయి, పలక ఉబ్బింది

ఊక మంచి ఎంపికే. మిల్లులో అడిగితే దొరుకుతుంది, కాలిపోయాక కన్నాలు మిగులుస్తుంది. తొందరపడి కాల్చారు, అంతే. లోపలి బొగ్గు కాలక ముందే పైపొర మూసుకుపోయింది. 700 నుంచి 900 డిగ్రీల మధ్య బాగా నిదానించండి, కిల్న్‌లోకి గాలి ఆడనివ్వండి.

సమస్య: తుప్పు రంగు నల్లబడింది

ఐరన్ ఆక్సైడ్ చిక్కగా పూశారు, లేదా వేడి ఎక్కువైంది. పలచగా పూసి తుడిచేయండి, 1050 దగ్గర ఆపండి.

సమస్య: ఆరుతుంటే అంచుల్లో తెల్లటి పొర

తీరప్రాంతపు మట్టిలోని ఉప్పు నీటితో పాటు పైకి వస్తోంది. అంచులు త్వరగా ఆరతాయి కాబట్టి అక్కడే పేరుకుంటుంది. బేరియం కార్బొనేట్ కలిపితే కొన్ని రకాల ఉప్పులు ఆగుతాయి గానీ అది విషం, మాస్క్ లేకుండా ముట్టొద్దు. నేనైతే కలపను. చవుడెక్కిన గోడ మీద ఉండేదీ ఇదేగా! గ్లేజు (గాజులాంటి పూత) పట్టాల్సిన చోట మాత్రం ఆరాక తడి స్పాంజితో తుడిచేయండి, లేకపోతే గ్లేజు పొరలు పొరలుగా లేచిపోతుంది.