వానాకాలానికి ముందు ఇంట్లోనే స్పార్క్ ప్లగ్గులు మార్చుకునేవాళ్లకు జాగ్రత్తలు

జూన్‌లో నాలుగు వానలు పడగానే మెకానిక్ షెడ్ల ముందు పెట్రోల్ కార్లు బారులు తీరతాయి. అందరి ఫిర్యాదూ దాదాపు ఒకటే. పొద్దున స్టార్ట్ చేస్తే బండి వణుకుతోంది, మిస్సింగ్ కొడుతోంది, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు పికప్ ఉండట్లేదు. ఎండాకాలమంతా ఎలాగోలా నెట్టుకొచ్చిన పాత ప్లగ్గులు, ప్లగ్గు మీద తొడిగే రబ్బరు తొడుగుల్లో (వీటినే బూట్లు అంటారు) పగిలినవి గాలిలో తేమ పెరగగానే బయటపడతాయి. ప్లగ్గు మధ్య కొస అరిగి, దానికీ పక్క ఎలక్ట్రోడ్‌కూ మధ్య ఖాళీ, అంటే గ్యాప్ పెరిగేకొద్దీ నిప్పురవ్వ దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. తడిసిన బూటు పగుల్లోంచి ఇంజిన్ బాడీకి దూకడం తేలికైతే కరెంటు అటే పోతుంది. అందుకే ఈ పని మే నెలలో, అంతా పొడిగా ఉన్నప్పుడే పెట్టుకోవాలి.

పని కష్టమేమీ కాదు. ప్లగ్గులు పైనే ఉండే నాలుగు సిలిండర్ల ఇంజిన్ అయితే తీరిగ్గా చేసినా ఒక పూట చాలు. కానీ ప్లగ్గు కొన్ని వందల రూపాయల వస్తువు, అది బిగుసుకునే సిలిండర్ హెడ్ మాత్రం అల్యూమినియంది. అందులో మర చెడిందంటే బుష్ వేయించాలి, కొన్నిసార్లు హెడ్డే దించాలి, ఖర్చు వేలల్లోకి పోతుంది. నేను చెప్పబోయే జాగ్రత్తల్లో సగం ఆ మరను కాపాడుకోవడానికే.

ముందు మీ బండి ఇంట్లో చేసుకోదగ్గదేనా చూసుకోండి. డీజిల్ ఇంజిన్లకు స్పార్క్ ప్లగ్గులే ఉండవు, వాటిలో ఉండే గ్లో ప్లగ్గుల పని పూర్తిగా వేరు. ఇంజిన్‌తో పాటు కరెంటు మోటారుతోనూ నడిచే స్ట్రాంగ్ హైబ్రిడ్ కార్ల జోలికి వెళ్లకండి. రెడీ లైటు వెలుగుతుంటే ఇంజిన్ దానంతటదే స్టార్ట్ కావచ్చు, పైగా నారింజ రంగు కేబుళ్లలో ఉండేది ప్రాణాంతకమైన వోల్టేజీ. సిలిండర్లు మూడేసి చొప్పున రెండు వరసల్లో ఉండే వీ6 ఇంజిన్లు కొన్నింటిలో వెనక వరస ప్లగ్గులు అందాలంటే ఇన్‌టేక్ మానిఫోల్డ్, అంటే ఇంజిన్‌లోకి గాలి తీసుకెళ్లే గొట్టాల భాగం విప్పాలి. అమెరికాలో మనవాళ్లు ఇష్టపడి కొనే మినీవ్యాన్లలో ఇది మామూలే, మొదటిసారి చేసేవాళ్లు అక్కడ మొదలుపెట్టకపోవడమే మేలు. ఇంట్లో ఎవరికైనా గుండెకు పేస్‌మేకర్ ఉంటే వాళ్లను నడుస్తున్న ఇంజిన్ దగ్గరికి, ముఖ్యంగా ప్లగ్గులకు కరెంటు ఇచ్చే కాయిల్స్ దగ్గరికి రానివ్వకండి.

ఇక ఎంపిక. షాపులో బండి పేరు చెప్పి ప్లగ్గులు అడగడం చాలామంది చేసే పని, నాకు అది నచ్చదు. ఒకే పేరుతో ఏళ్ల తరబడి అమ్మిన కారులో ఇంజిన్లు రెండు మూడుసార్లు మారి ఉంటాయి. ఓనర్స్ మాన్యువల్లో ప్లగ్గు నంబరు ఉంటుంది, అది రాసుకుని వెళ్లండి. ఆ నంబరులోని ఒక్కో అక్షరానికీ పని ఉంది. ఎన్‌జీకే అనే ప్లగ్గుల కంపెనీ వాళ్ల బీకేఆర్6ఈ-11నే తీసుకుందాం. మొదటి రెండు అక్షరాలు మర 14 మిల్లీమీటర్లనీ, పానా పట్టే చోటు 16 మిల్లీమీటర్లనీ చెబుతాయి. ఆర్ అంటే లోపల రెసిస్టర్ ఉందని, అది లేకపోతే రేడియోలో గరగర రావడమే కాదు, ఇంజిన్ కంప్యూటరుకు కూడా ఇబ్బంది. 6 హీట్ రేంజ్, అంటే ప్లగ్గు తన వేడిని ఎంత త్వరగా వదిలించుకుంటుందో చెప్పే అంకె. ఈ అంటే మర పొడవు 19 మిల్లీమీటర్లు. చివరి 11 అంటే గ్యాప్ 1.1 మిల్లీమీటర్లు.

వీటిలో ఏది తేడా వచ్చినా ప్రమాదమే కానీ, మర పొడవు విషయంలో అసలు రాజీ పడకూడదు. పొడవు ఎక్కువైతే ప్లగ్గు కొస పిస్టన్‌కో వాల్వుకో తగలొచ్చు. తక్కువైతే హెడ్‌లో మిగిలిపోయిన మర మీద కార్బన్ పేరుకుంటుంది, తర్వాత సరైన ప్లగ్గు వేద్దామన్నా ఎక్కదు. హీట్ రేంజ్ కూడా అంతే. ప్లగ్గు కొస సుమారు 450 నుంచి 850 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటేనే తన మీది మసిని తానే కాల్చుకుంటుంది. అంతకన్నా చల్లగా ఉంటే మసి పడుతుంది, వేడెక్కితే నిప్పురవ్వ రాకముందే పెట్రోల్ అంటుకుంటుంది. ఎన్‌జీకే, డెన్సోల్లో అంకె పెరిగితే ప్లగ్గు చల్లనిది, బాష్‌లో అంకె పెరిగితే వేడిది. కంపెనీ మారుస్తుంటే అంకెను పోల్చకండి, ఆ కంపెనీ పట్టికలో మీ ఇంజిన్‌కు ఏది ఇచ్చారో అదే తీసుకోండి.

నికెల్ ప్లగ్గులు మామూలుగా 30, 40 వేల కిలోమీటర్లు వస్తాయి. ఇరీడియంవి చాలా బళ్లలో 80 వేలు దాటి లక్ష దాకా నడుస్తాయి. కంపెనీ నికెల్ ఇచ్చిన బండికి ఇరీడియం వేస్తే మైలేజీ అమాంతం పెరుగుతుందని ఆశపడకండి, లాభమల్లా ఎక్కువకాలం మన్నడమే. ఇరీడియం ఇచ్చిన బండికి మాత్రం డబ్బు మిగుల్తుందని నికెల్ వేయకండి. సీఎన్‌జీ కిట్ ఉన్న బండి అయితే గడువు ఇంకా ముందే వస్తుంది. గ్యాస్‌ను అంటించడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి కాబట్టి అరిగిన ప్లగ్గు అక్కడ త్వరగా చేతులెత్తేస్తుంది.

డూప్లికేట్ల బెడద చాలా ఉంది. మిగతా చోట్లకన్నా సగం ధరకు ఇరీడియం ఇస్తున్నారంటే అనుమానించాల్సిందే. పింగాణీ మీది అచ్చు గోరుతో గీకితే లేవకూడదు, మర అంచులు నున్నగా ఉండాలి, మధ్య కొస పక్క ఎలక్ట్రోడ్‌కు సరిగ్గా ఎదురుగా ఉండాలి. చేయి జారి నేల మీద పడిన ప్లగ్గు కొత్తదైనా వాడకండి. పింగాణీలో వచ్చే పగులు కంటికి కనిపించదు.

గ్యాప్ కొలవడానికి నాణెం ఆకారంలో దొరికే గేజ్‌ను ఇరీడియం ప్లగ్గుల్లోకి తోయకండి. ఆ కొస అర మిల్లీమీటరు మందమే ఉంటుంది, విరిగిపోతుంది. తీగ గేజ్‌తో చూడండి. మాన్యువల్లో ఉన్నదానికి తేడా ఉంటే తట్టి సరిచేసే బదులు షాపులో ఇచ్చి మార్చుకోవడం మంచిది.

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే చేయి పెట్టండి. రాత్రి బండి ఆపి పొద్దున్నే చేసుకోవడం అన్నిటికన్నా సులువు. వేడి మీద ఉన్న అల్యూమినియంలోంచి ప్లగ్గు విప్పితే మర కూడా దానితో పాటు ఊడి రావచ్చు. ఇగ్నిషన్ ఆపేసి, బ్యాటరీ నెగటివ్ తీసేసి, పుష్ స్టార్ట్ బండి అయితే కీ ఇంట్లో పెట్టి రండి. కాయిల్స్ ఇచ్చే వోల్టేజీ వేలల్లో ఉంటుంది. ఇంజిన్‌ను ముందు రోజు వాటర్ వాష్ చేయించకండి, నీళ్లు ప్లగ్గు గుంతల్లో నిలుస్తాయి.

అన్నీ ఒకేసారి విప్పి వరసగా పెట్టుకోవద్దు. ఒక్కో సిలిండర్ పూర్తి చేసి రెండోదానికి వెళ్లండి. పాత బళ్లలో కాయిల్ నుంచి ప్లగ్గులకు కరెంటు తెచ్చే హెచ్‌టీ వైర్లు ఉంటాయి, ఒకటి అటూ ఇటూ మారినా బండి స్టార్ట్ కాదు, లేదా దగ్గుతుంది. లాగేటప్పుడు వైరు పట్టుకుని కాదు, బూటు పట్టుకుని కొంచెం తిప్పుతూ లాగాలి. ప్లగ్గు మీదే కాయిల్ ఉన్న బళ్లలో కనెక్టర్ లాక్ ఏళ్ల వేడికి పెళుసుబారి ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో తన్నకుండా వేలితో లోపలికి నొక్కి తీయండి.

కాయిల్ తీయగానే ప్లగ్గు విప్పకండి. ఆ గుంతలో దుమ్ము, ఇసుక, ఒక్కోసారి ఎండిన ఆకు ముక్కలు ఉంటాయి. ప్లగ్గు ఊడిన మరుక్షణం అవన్నీ సిలిండర్‌లోకి జారతాయి. టార్చి వేసి చూసి, గాలి కొట్టే పంపుతో బాగా ఊదండి, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. గుంతలో ఆయిల్ నిలిచి ఉంటే ఇంజిన్ పై మూత (రాకర్ కవర్) సీళ్లు పోయాయని అర్థం, ముందు ఆ ఆయిల్ గుడ్డతో పీల్చి తీసేయాలి. సీళ్లు మార్చకుండా కొత్త ప్లగ్గులు వేస్తే బూట్లు మళ్లీ ఆయిల్‌లో నానతాయి.

విప్పేటప్పుడు గరగరమంటూ బిగుసుకుంటే బలం పెట్టకండి. కొంచెం తుప్పు వదిలించే ఆయిల్ వేసి కాసేపు ఆగి, కాస్త బిగించి కాస్త వదులు చేస్తూ తిప్పండి. అప్పటికీ రాకపోతే అక్కడితో ఆపి మెకానిక్‌ను పిలవండి. ఏదైనా లోపల పడితే, అది బయటికి వచ్చేదాకా ఇంజిన్ తిప్పకూడదు.

బిగించడంలోనే అసలు నేర్పు. పానాతో మొదలుపెట్టవద్దు. ప్లగ్గు పై కొసకు జానెడు పెట్రోల్ పైపు ముక్క తొడిగి, గుంతలోకి దించి, ముందు ఎడమవైపు మెల్లగా తిప్పండి. మర అంచు దొరికిన చోట చిన్న టిక్ తెలుస్తుంది. అక్కడి నుంచి కుడివైపు తిప్పితే హాయిగా దిగుతుంది. మర అడ్డంగా పడితే రబ్బరు జారిపోతుంది, హెడ్ చెడదు. స్పానర్‌కు ఆ తెలివి ఉండదు.

చేత్తో ఆగేదాకా వచ్చాక టార్క్ రెంచ్, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో తెలిపే పానా వాడండి. అల్యూమినియం హెడ్‌లో 14 మిల్లీమీటర్ల వాషర్ ప్లగ్గుకు 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 12 మిల్లీమీటర్లదానికి 15 నుంచి 20, 10 మిల్లీమీటర్లదానికి 10 నుంచి 12. మాన్యువల్లో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. టార్క్ రెంచ్ లేకపోతే పెట్టె మీద బొమ్మ చూడండి. కొత్త వాషర్ ప్లగ్గుకు చేత్తో బిగిశాక సాధారణంగా అర చుట్టు, వాడిన ప్లగ్గునే మళ్లీ వేస్తే గడియారంలో ఒక గంట దూరమంత. వాషర్ లేని ఏటవాలు సీటు ప్లగ్గుకు చుట్టులో పదహారో వంతు చాలు. మర మీద గ్రీజు గానీ, మర పట్టేయకుండా రాసే యాంటీసీజ్ పేస్టు గానీ రాయకండి. జారుడు పెరిగి, అదే టార్క్‌కు ప్లగ్గు ఎక్కువ బిగుసుకుంటుంది, మర సాగుతుంది. బూటు లోపల మాత్రం కరెంటును పారనివ్వని డైఎలక్ట్రిక్ గ్రీజు కొద్దిగా రాస్తే వానాకాలంలో తేమ చేరదు.

పాత ప్లగ్గులను సిలిండర్ వరసలో పేర్చి చూడండి. లేత గోధుమ రంగు, బూడిద రంగు ఉంటే ఇంజిన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. పొడి మసి ఉంటే ఎయిర్ ఫిల్టర్, సెన్సార్లు చూపించాలి. ఆయిల్‌తో తడిగా ఉంటే పిస్టన్ రింగులో, వాల్వ్ సీళ్లో అరిగి ఉండొచ్చు. తెల్లగా కాలి బొబ్బలెక్కి ఉంటే ఇంజిన్ మరీ వేడెక్కుతోంది, ఆ బండిని దూరప్రయాణానికి తీసుకెళ్లే ముందు కూలింగ్ చూపించండి.

స్టార్ట్ చేశాక వణుకు ఉంటే ముందు ఆపేసి కనెక్టర్లు సరిగ్గా కూర్చున్నాయా చూడండి, ఎక్కువసార్లు అదే కారణం. చెక్ ఇంజిన్ లైటు ఆరి వెలుగుతుంటే అలాగే నడపకండి. మండని పెట్రోల్, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి దాన్ని కాల్చేస్తుంది, దాని ధర ముందు ప్లగ్గుల ఖర్చు లెక్కలోకే రాదు. పాత ప్లగ్గులను ఒకటి, రెండు, మూడు, నాలుగు అని రాసి ఓ వారం దాచి ఉంచండి. మిస్సింగ్ తగ్గకపోతే మెకానిక్ మొదట అడిగేది వాటినే.