పిల్లల ఒంట్లోకి ఆర్సెనిక్ పోకుండా ఏం చేయాలి?

పాతకాలం వాళ్లు పాషాణం అన్నది ఆర్సెనిక్ విషాన్నే. నీళ్లలో కరిగి ఉంటే రంగు మారదు, వాసన రాదు, రుచి తెలియదు. మన దేశంలో ఎక్కువగా బయటపడింది పశ్చిమ బెంగాల్, బిహార్ బోర్లలో. చిత్తూరు వైపు బోరు నీళ్లంటే జనం మాట్లాడేది ఫ్లోరైడ్ గురించే. కాబట్టి టెన్షన్ పడొద్దు. కానీ బోరు నీళ్లు తాగే బిడ్డ ఇంట్లో ఉంటే ఒక్కసారైనా పరీక్ష చేయించండి.

ల్యాబ్‌లో నీళ్లిచ్చేటప్పుడు "ఆర్సెనిక్ కూడా చూడండి" అని నోరు తెరిచి అడగాలి. అడగకపోతే మామూలు పరీక్షలతో సరిపెట్టొచ్చు. క్యాన్ నీళ్లవాళ్లు టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) మీటరు ముంచి అంకె చూపిస్తారే, దాంతో ఇది తెలియదు. ఆర్సెనిక్ లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. దాటితే మరగబెట్టి లాభం లేదు. నీరు ఆవిరవుతుంది, ఆర్సెనిక్ గిన్నెలోనే మిగులుతుంది. ఆ నీళ్లతో స్నానం చేయొచ్చు, బట్టలు ఉతకొచ్చు. తాగడానికి, వంటకు, పాలపొడి కలపడానికి మాత్రం వద్దు.

తర్వాత అన్నం. వరి నీళ్లు నిలిచిన మడిలో పెరుగుతుంది కాబట్టి మట్టిలోని ఆర్సెనిక్‌ను మిగతా పంటలకంటే ఎక్కువగా లాగుతుంది. మంచి నీళ్లతో గ్లాసు బియ్యానికి ఆరేడు గ్లాసులు పోసి వండి, గంజి వార్చేస్తే హానిచేసే రకం ఆర్సెనిక్ దాదాపు సగం పోతుంది. కుక్కర్ వచ్చాక మనం మరిచిపోయిన పద్ధతే ఇది! కొన్ని విటమిన్లూ గంజితో పోతాయి, నిజమే. అందుకే పూటపూటా బియ్యమే పెట్టకుండా రాగిజావ, సంగటి కూడా అలవాటు చేయండి. పసిబిడ్డకు రోజూ బియ్యప్పిండి ఉగ్గు ఒక్కటే వద్దు.

ఇంట్లో మందుల డబ్బాలూ ఓసారి చూడండి. తాళకం, మణిశిల రెండూ ఆర్సెనిక్ ఖనిజాలే. వాటితో చేసే నాటు మందులు, భస్మాలు ఎవరో మంచివన్నారని పిల్లలకు పట్టొద్దు.

మట్టిలో ఆడి వచ్చాక చేతులు కడిగించండి. చెదలు పట్టకుండా మందెక్కించిన పాత కర్రను పొయ్యిలో పెట్టకండి, దాని బూడిదలోనూ విషం ఉంటుంది.

నీళ్లలో ఎక్కువుందని తేలితే పిల్లల డాక్టరును కలవండి. సాధారణంగా మూత్ర పరీక్ష రాస్తారు. అంతకు ముందు మూడు నాలుగు రోజులు చేపలు, రొయ్యలు పెట్టొద్దు. వాటిలో హాని లేని రకం ఆర్సెనిక్ ఉంటుంది, దాంతో రిపోర్టులో అంకె పెరిగి కంగారు పెడుతుంది. ఆదివారం చేపల పులుసు తిన్నాడంటే ఆ మాట డాక్టరుకు ముందే చెప్పండి.