గోదావరి డెల్టాలో ఋతువుల వెంట ఆకులు, పసర్లు: గుర్తుపట్టడం, వాడటం

గోదావరి డెల్టాలో ఇంటి వైద్యం నేర్చుకోదలచినవారు పంచాంగంతో పాటు కాలువ నీటిని కూడా గమనించాలి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తై, దాని కాలువలు ఊరూరికీ పారినప్పటి నుంచి ఇక్కడి చేలగట్లు ఏడాదిలో చాలా కాలం తడిగానే ఉంటున్నాయి; గుంటగలగర, పొన్నగంటి, సరస్వతి ఆకు వంటి తేమ కోరే మొక్కలు గట్ల మీదే విరివిగా మొలవడానికి కారణం అదే. అయితే ఆ గట్ల మీద నేడు పురుగుమందు, కలుపుమందు కూడా పడుతున్నాయి. కనుక మొక్కను గట్టు మీద గుర్తుపట్టి, దాని కాడనో విత్తనాన్నో తెచ్చి పెరట్లో పెంచుకుని, కొత్తగా వేసిన ఆకునే వాడుకోవాలి.

కాలువలకు నీరు వదిలి ఊడ్పులు మొదలయ్యే ఆషాఢంలో ఈ ప్రాంతపు ఆడవారు గోరింటాకు పెట్టుకుంటారు. రోజంతా బురదలో నానే కాళ్లు ఒరుసుకుపోకుండా, గోళ్లు పుచ్చిపోకుండా అది కాపాడుతుందని పెద్దలు చెబుతారు. లేత ఆకును కొద్దిగా చింతపండు చేర్చి మెత్తగా రుబ్బి, రాత్రి పెట్టుకుని ఉదయం తీసివేయాలి. పులుపు వల్ల ఆకులోని రంగు బాగా విడివడుతుంది. వెంటనే నల్లగా పండుతుందని అమ్మే కోన్లలో తరచుగా రసాయన రంగు కలుస్తుంది, అది చర్మాన్ని బొబ్బలెక్కిస్తుంది. పసిపిల్లలకు మాత్రం అసలైన గోరింటాకు కూడా పెట్టకూడదు, ఎందుకంటే పుట్టుకతో జీ6పీడీ అనే ఎంజైము లోపమున్న బిడ్డలకు దానివల్ల ఎర్ర రక్తకణాలు విచ్ఛిన్నమయ్యే ప్రమాదం ఉంది.

ఆషాఢంలోనే ములగాకు తినాలన్నది మరో ఆచారం. గోదావరి జిల్లాల వంటిళ్లలో దానికి జోడు తెలగపిండి, అంటే నువ్వుల నుంచి నూనె తీశాక మిగిలే పిండి. మరిగే నీటిలో పసుపు, ఉప్పు, కడిగిన ములగాకు, తెలగపిండి వేసి, నీరు ఇగిరి పొడిపొడిగా అయ్యేవరకు ఉడికించి, చితక్కొట్టిన వెల్లుల్లి, ఎండుమిర్చితో తాలింపు పెట్టాలి. ఈ కూరను బాలింతలకు పాలు పడతాయని కూడా పెడతారు. పాల సంగతి ఎలా ఉన్నా, ఇనుము, మాంసకృత్తులు గల మంచి ఆహారమనడంలో సందేహం లేదు.

వానలు కుదురుకున్నాక గుంటగలగర నూనె కాచుకోవచ్చు. చిన్న తెల్లపూలున్న ఈ మొక్క ఆకును వేళ్ల మధ్య నలిపితే పసరు కాసేపటికి నల్లబడుతుంది. గుర్తుపట్టడానికి అంతకంటే సులువైన పరీక్ష లేదు. ఆయుర్వేద పద్ధతిలో ఒక వంతు నూనెకు నాలుగు వంతుల పసరు చేర్చి, అడుగంటకుండా కలుపుతూ సన్నని సెగ మీద కాచాలి. ఇక్కడ కొబ్బరినూనెకు కొదవ లేదు కనుక దానినే వాడతారు. నూనెలో ముంచిన వత్తిని వెలిగించినప్పుడు చిటపటలాడకుండా మండితే నీరంతా ఇగిరినట్లు. ఈ పరీక్ష చేయకుండా దించిన నూనె కొద్ది రోజుల్లోనే పాడవుతుంది.

వరదల కాలంలో మాత్రం పసర్ల మీద భారం వేయకూడదు. కామెర్లకు నేల ఉసిరి పసరు తాగించడం ఊళ్లలో పాత అలవాటే. కానీ బురదలోనో వరద నీటిలోనో తిరిగినవారికి జ్వరంతో కామెర్లు వస్తే అది ఎలుకల మూత్రం ద్వారా సోకే లెప్టోస్పైరోసిస్ కావచ్చు. దానికి యాంటీబయాటిక్ మందులు త్వరగా అందాలి, ఆలస్యమైతే మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఒళ్లు నొప్పులకు వావిలాకు మరిగించిన నీటితో స్నానం చేయడం వంటి పైపై చికిత్సలకు ఇటువంటి ప్రమాదం లేదు. నీరు గోరువెచ్చన అయ్యాకనే పోసుకోవాలి.

వినాయక చవితికి 21 రకాల పత్రి సేకరించడం పిల్లలకు మొక్కలను పరిచయం చేసే మంచి సందర్భం. అయితే పూజకు పనికివచ్చేదంతా కడుపులోకి పనికిరాదని అప్పుడే చెప్పాలి. ఆ పత్రిలోని గన్నేరు, ఉమ్మెత్త ప్రాణం తీయగల విషాలు. ఉబ్బసానికి ఉమ్మెత్తాకు పొగ పీల్చమనే సలహాను ఎవరు చెప్పినా వినకూడదు. ఉత్తరేణిని పత్రిలో ఒకసారి చూసినవారు నరక చతుర్దశి నాడు తలచుట్టూ తిప్పే కొమ్మను తామే తెచ్చుకోగలరు. రథసప్తమికి తల మీద, భుజాల మీద పెట్టుకునే జిల్లేడు ఆకులను ముందుగానే కోసి, పాలు కారడం ఆగాక కడిగి వాడాలి. ఆ పాలు కంట్లో పడితే చూపు దెబ్బతింటుంది.

కార్తీకంలో వనభోజనాల వేళ ఉసిరి విరివిగా దొరుకుతుంది. ముక్కలకు ఉప్పు, అల్లం పట్టించి గలగలలాడేవరకు ఎండబెడితే ఏడాదంతా నిలుస్తాయి. రాత్రిపూట, ఆదివారం ఉసిరి తినకూడదన్న నియమం ఇంటి ఆచారమే, పాటించడం పాటించకపోవడం ఎవరి ఇష్టం వారిది. చలికాలపు జలుబుకు తులసి, మిరియాలు, శొంఠితో నాలుగు గ్లాసుల నీరు ఒక గ్లాసయ్యేలా కాచిన కషాయం చాలు. తిప్పతీగను ఇష్టం వచ్చినట్లు నెలల తరబడి వాడవద్దు. దానివల్ల కాలేయం దెబ్బతిన్న కేసులను వైద్యులు నమోదు చేశారు.

వేసవికి సబ్జా గింజలు (పూర్తిగా నానాలి, లేకుంటే గొంతుకు అడ్డం పడతాయి), కుండ నీటిలో వట్టివేళ్లు సరిపోతాయి. అసలు పని చైత్రంలోని వేపపువ్వుది. రాత్రి చెట్టు కింద గుడ్డ పరిచి, తెల్లవారాక రాలిన పువ్వును ఏరి, కాడలు చెరిగేసి, నీడలో ఎండబెట్టి గాజు సీసాలో పోయాలి. నేతిలో దోరగా వేయించి ఉప్పు చేర్చి అన్నంలో మొదటి ముద్దగా తింటారు. డెల్టా గాలిలో తేమ ఎక్కువ కాబట్టి వానాకాలం ముందు సీసా తెరిచి చూసి, ముక్క వాసన వస్తే ఆ పువ్వును పారేయాలి. పువ్వు తింటున్నాం కదా అని వేపనూనెను మాత్రం పసిపిల్లలకు చుక్క కూడా తాగించకూడదు. అది మెదడును దెబ్బతీసి ప్రాణాల మీదికి తెస్తుంది.