ఎడిన్‌బరో పాతబస్తీలో రాత్రిపూట దెయ్యాల నడక: వెళ్లే ముందు ఇది చదవండి

ముందే చెప్పేస్తున్నా, దెయ్యం కనపడదు. నేను మూడుసార్లు వెళ్లాను. ఒకసారి యూనివర్సిటీ ఫ్రెండ్స్‌తో, ఒకసారి ఒక్కదాన్నే, ఇంకోసారి వరంగల్ నుంచి వచ్చిన అత్తమ్మా మామయ్యలతో. మూడుసార్లూ ఏమీ కనపడలేదు, అయినా నాలుగోసారి ఎవరైనా రమ్మంటే జాకెట్ వేసుకుని బయల్దేరతాను. ఎడిన్‌బరోలో గోస్ట్ వాక్‌కి వెళ్లేది దెయ్యం కోసం కాదు, బాగా కథ చెప్పే మనిషి వెనకాల చీకట్లో గంటన్నర నడవడం కోసం. చిన్నప్పుడు కరెంటు పోతే అరుగు మీద కూర్చోబెట్టి కొరివి దెయ్యం కథలు చెప్పిన తాతయ్య గానీ మీకుంటే దీని రుచి మీకు తెలిసినట్టే. యూకేకి చదువుకోడానికి వచ్చినవాళ్లు, అమ్మానాన్నల్ని ఎక్కడికి తిప్పాలా అని చూసేవాళ్లు పదేపదే అడుగుతున్నారు కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా.

ఓల్డ్ టౌన్ అంటే కొండ మీద కోట నుంచి కింద హోలీరూడ్ ప్యాలెస్ దాకా దిగే రాయల్ మైల్ అనే వీధి, దానికి రెండు వైపులా చేప ముల్లులా చీలిన సన్నటి సందులు. ఆ సందుని ‘క్లోజ్’ అంటారు. తలుపు మూసే క్లోజ్‌లా కాకుండా చివర ‘స్’ అని తేలిగ్గా పలకాలి. ఒకప్పుడు ఊరంతా కోటగోడ లోపలే ఇరుక్కుంది, పక్కకి జరిగే చోటు లేక మేడ మీద మేడ వేసుకుంటూ పోయారు. రాత్రయ్యేసరికి పై అంతస్తుల వాళ్లు ‘గార్డీలూ’ అని ఒక కేక వేసి బకెట్‌లో ఉన్నదంతా, అవును, మీరు అనుకుంటున్నదే, సందులోకి గుమ్మరించేవాళ్లు. ఏ టూర్‌కి వెళ్లినా ఈ కథ చెప్పకుండా వదలరు. గైడ్ ఆ కేక వేసినప్పుడు తలెత్తి పైకి చూడకండి, నవ్వుతారు.

ఇక ఏ టూర్ బుక్ చేయాలన్నది. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు, రేటింగ్ చూసి ఏదో ఒకటి నొక్కేస్తారు. పేర్లన్నీ ఒకేలా ఉంటాయి గానీ లోపల సరుకు వేరు. భూమి లోపలికి దిగేవి ఒక రకం, స్మశానంలోకి తీసుకెళ్లేవి ఇంకో రకం, వీధుల్లోనే తిప్పేవి మూడో రకం. కొన్నిట్లో రెండు రకాలూ కలిసి ఉంటాయి. మీకు ఏది కావాలో ముందు తేల్చుకోండి.

భూమి లోపలివి అంటే ప్రధానంగా సౌత్ బ్రిడ్జ్ వాల్ట్స్, అంటే సౌత్ బ్రిడ్జ్ అనే వంతెన కింది గదులు. 1785లో మొదలుపెట్టి 1788లో తెరిచిన వంతెన ఇది. 19 ఆర్చీలున్నాయి, కానీ వీధిలో నిలబడి చూస్తే అది వంతెనని కూడా తెలియదు, రెండు పక్కలా బిల్డింగులు కట్టేశారు. కౌగేట్ అనే వీధి దగ్గర ఒక్క ఆర్చీ మాత్రం బయటికి కనిపిస్తుంది. మిగతా ఆర్చీల కింద గదులు కట్టి గోడౌన్లకీ, చెప్పులు కుట్టేవాళ్లకీ, సారా కొట్లకీ ఇచ్చారు. పైనుంచి నీళ్లు కారకుండా కట్టడంలో జాగ్రత్త పడలేదు, సరుకు తడిసిపోవడంతో వ్యాపారాలు లేచిపోయాయి, ఆ ఖాళీల్లోకి ఊళ్లో దిక్కులేని వాళ్లు చేరారు. ఎండ లేదు, నీళ్లు లేవు, దొడ్డి లేదు, చేపనూనె దీపాల పొగ మాత్రం ఉంది. తర్వాత రాళ్లూరప్పలతో పూడ్చేసి మర్చిపోయారు, మళ్లీ బయటపడింది 1980ల్లో.

ఇప్పుడు లోపలికి దిగితే మొదట తగిలేది వాసన, తడి సున్నం, మైనం కలిసిన వాసన. పాతకాలం ఇళ్లలో ధాన్యం గది తెరిచినప్పుడు వచ్చే చల్లగాలి లాంటిదే, కాకపోతే అందులో ధాన్యం లేదు. గైడ్ చేతిలో టార్చి తప్ప ఇంకో వెలుగు ఉండదు. ఫ్రెండ్స్‌తో వెళ్లినప్పుడు ఒక గదిలో గైడ్ టార్చి ఆర్పి ఊరకే నిలబడింది, ఏమీ మాట్లాడలేదు. పది సెకన్లు గడిచాయో లేదో పైనుంచి ఒక నీటి చుక్క సరిగ్గా నా మెడ మీద, కాలర్‌కీ జుట్టుకీ మధ్య పడింది. ఆ చుక్క నీళ్లేనని తెలుసు, తెలిసినా చెయ్యి పైకెత్తి తుడుచుకోలేకపోయాను. మా ఫ్రెండ్ ఒకడు గొణుక్కుంటున్నాడు, చెవి పెట్టి వింటే ఆంజనేయ దండకం. వాడు మామూలుగా గుడి మెట్లు కూడా ఎక్కడు.

ఇక్కడ ‘మిస్టర్ బూట్స్’ అనే దెయ్యం గురించి, చెయ్యి పట్టుకునే జాక్ అనే పిల్లాడి గురించి చెబుతారు. నమ్మాలో వద్దో మీ ఇష్టం. కానీ 2001లో రిచర్డ్ వైజ్‌మన్ అనే సైకాలజీ ప్రొఫెసర్ 200 మందికి పైగా వాలంటీర్లను ఇవే గదుల్లో ఒక్కొక్కరిగా నిలబెట్టి ఏమనిపించిందో రాయమన్నాడు. దెయ్యాలున్నాయని పేరుపడ్డ గదులేవో వాళ్లకి చెప్పలేదు. అయినా ఆ గదుల్లోనే ఎక్కువమందికి చలి, ఎవరో చూస్తున్నట్టు అనిపించడం లాంటివి కలిగాయి. గది సైజు, వెలుతురు లాంటి వాటికీ దీనికీ సంబంధం ఉందని ఆయన తేల్చాడు. అంటే మీకు ఒళ్లు జలదరిస్తే సిగ్గుపడక్కర్లేదు, ఆ గది కట్టిన తీరే అలాంటిది.

వాల్ట్స్‌తో పాటు అందరూ కలిపేసే ఇంకో చోటు మేరీ కింగ్స్ క్లోజ్. అది వేరు. నిజంగా ఒక వీధి, పద్దెనిమిదో శతాబ్దంలో దాని మీదే పెద్ద భవనం కట్టేయడంతో కింద ఉండిపోయింది. 1645 నాటి ప్లేగు కథలన్నీ ఇక్కడ చెబుతారు. టూర్లు పగలూ ఉంటాయి, వేషం వేసుకున్న గైడ్లు, భయం తక్కువ, చరిత్ర ఎక్కువ. లోపల ఫోటోలు తీయనివ్వరు. ఒక గదిలో ఆనీ అనే చిన్నపిల్ల కోసమంటూ జనం వదిలివెళ్లిన బొమ్మల కుప్ప ఉంటుంది. పెద్దవాళ్లని తీసుకొచ్చేవాళ్లకి, దెయ్యాలంటే అసలు పడనివాళ్లకి నేను ఇదే చెబుతాను.

స్మశానం రకానికి గ్రేఫ్రయర్స్ కిర్క్‌యార్డ్. కిర్క్ అంటే చర్చి. నా ఓటు దీనికే, అయితే ఒక షరతు: పొద్దున ఒకసారి ఊరకే వెళ్లి చూసి రండి. పగలు అది పార్కులా ఉంటుంది, జనం బెంచీల మీద కూర్చుని శాండ్‌విచ్‌లు తింటుంటారు. సమాధుల మీద ఇనప పంజరాలు కనిపిస్తాయి, శవాలు లేచి రాకుండా పెట్టారని చెప్పేవాళ్లని నమ్మకండి. బయటి నుంచి దొంగలు వచ్చి శవాల్ని తవ్వుకుపోకుండా పెట్టినవి అవి. మెడికల్ కాలేజీలకి శవాలు కావాలి, చట్టప్రకారం దొరికేవి తక్కువ, అందుకే దొంగతనం. బర్క్, హేర్ అనే ఇద్దరు ఈ తవ్వుకునే కష్టం కూడా ఎందుకనుకుని 1828లో 16 మందిని చంపి డాక్టర్ రాబర్ట్ నాక్స్‌కి అమ్మారు. హేర్ అప్రూవర్‌గా మారి బయటపడ్డాడు, బర్క్‌ని 1829 జనవరిలో ఉరితీసి, శవాన్ని మెడికల్ స్టూడెంట్ల ముందే కోశారు. అస్థిపంజరం ఇప్పటికీ యూనివర్సిటీ మ్యూజియంలోనే ఉంది.

అసలు కథ మాత్రం జార్జ్ మెకంజీది. 1679లో రాజు మత విధానాన్ని ఒప్పుకోని కవనాంటర్లు యుద్ధంలో ఓడిపోతే వెయ్యిమందికి పైగా ఖైదీల్ని తెచ్చి ఈ స్మశానం పక్కన ఆరుబయట నెలల తరబడి ఉంచారు. పైన కప్పు లేదు, స్కాట్లాండ్ చలి. కొందరు సంతకాలు పెట్టి బయటపడ్డారు, కొందరు అక్కడే పోయారు, మిగిలినవాళ్లని ఓడ ఎక్కించి అమెరికా వైపు పంపిస్తే అది ఆర్క్‌నీ దీవుల దగ్గర మునిగి చాలామంది చనిపోయారు. వాళ్ల మీద కేసులు నడిపించిన ప్రభుత్వ వకీలు మెకంజీ. 1691లో చనిపోతే ఆయన్ని పూడ్చింది ఎక్కడనుకున్నారు, అదే స్మశానంలో, ఆ జైలుకి నాలుగడుగుల దూరంలో. చాలాకాలం పిల్లలు ఆ సమాధి తలుపు దగ్గరికి వెళ్లి దమ్ముంటే బయటికి రమ్మని పాటకట్టి అరిచి పారిపోయేవాళ్లట. మనం ఊళ్లో చింతచెట్టు దగ్గర చేసిన పనే.

1998లో ఇల్లులేని ఒకాయన చలికి తలదాచుకుందామని ఆ సమాధిలోకి దూరాడు, అప్పటి నుంచీ గీతలు పడ్డాయని, కళ్లు తిరిగి పడిపోయామని జనం చెప్పడం మొదలైంది. జైలు భాగానికి ఇప్పుడు తాళం ఉంటుంది, సిటీ ఆఫ్ ది డెడ్ అనే టూర్‌తో వెళ్తే గైడ్ తాళం తీసి లోపలికి తీసుకెళ్తారు. నాకు గీతలేం పడలేదు. కానీ వెయ్యిమంది ఆకాశం కింద పడుకున్న చోట నిలబడ్డామన్న ఆలోచన హోటల్‌కి వచ్చాక కూడా వదల్లేదు.

వీధుల్లో తిప్పేవి తేలిక. పగలు కౌన్సిల్ మెంబరు, రాత్రి దొంగ అయిన డీకన్ బ్రోడీ (1788లో ఉరి), 1724లో ఉరితీశాక శవపేటికలో లేచి కూర్చున్న మ్యాగీ డిక్సన్, ఇలాంటి కథలు. పిల్లలకి సరదాగా ఉంటుంది. కొన్నిట్లో సందు మలుపు నుంచి ఎవరో ఒకడు హఠాత్తుగా దూకుతాడు. గుండె జబ్బున్నవాళ్లు బుక్ చేసే ముందే అడిగి తెలుసుకోండి.

టైమింగ్ గురించి ఎవరూ చెప్పరు, నేను చెబుతా. జూన్‌లో ఇక్కడ సూర్యుడు పదింటి దాకా ఉంటాడు. ఏడున్నర టూర్ బుక్ చేసుకుంటే ఎండలో కళ్లజోడు పెట్టుకుని దెయ్యాల కథలు వింటారు. ఎండాకాలంలో అయితే భూమి లోపలి టూర్, లేదా అన్నిటికన్నా చివరి స్లాట్. డిసెంబర్‌లో మూడున్నర దాటితే చీకటి, కాబట్టి అయిదింటి టూర్ చాలు, పిల్లలున్నవాళ్లకి అదే మంచిది. ఆగస్టులో ఫెస్టివల్ జనం, అడుగు తీసి అడుగు వేయలేరు. హాలోవీన్‌కి టికెట్లు దొరకవు. శుక్ర, శనివారాల రాత్రి స్లాట్లలో తాగి వచ్చే పెళ్లికొడుకు బ్యాచులు తగులుతాయి, గైడ్ గుసగుసగా చెబుతుంటే వెనకనుంచి ఊళలు వేస్తారు. మంగళ, బుధవారాలు చూసుకోండి. అదృష్టం బాగుండి సముద్రం మీద నుంచి ‘హార్’ అనే పొగమంచు వస్తే టికెట్ డబ్బులు అప్పటికే వచ్చేసినట్టు.

గొడుగు తీసుకెళ్లకండి, గాలికి తిరగబడుతుంది, సందులో పక్కవాళ్ల కంట్లో పొడుచుకుంటుంది. టోపీ ఉన్న వాన జాకెట్, పట్టున్న బూట్లు చాలు. రాళ్లు పరిచిన వీధులు తడిస్తే సబ్బులా జారతాయి. చీరలో రావాలనుకునే పెద్దవాళ్లకి కింద లెగ్గింగ్స్ వేయించండి. ముందే తినేసి, వాష్‌రూమ్‌కి వెళ్లి రండి, మధ్యలో ఆపరు. వాల్ట్స్‌లో మెట్లు, ఎగుడుదిగుడు నేల, పిల్లల స్ట్రోలర్ దిగదు. వయసు నిబంధన టూర్‌కి టూర్‌కి మారుతుంది, చూసి బుక్ చేయండి.

చాలా టూర్లు సెయింట్ జైల్స్ చర్చి పక్కన మెర్కాట్ క్రాస్ అనే పాత సంత స్తంభం దగ్గరా, ఆ చుట్టుపక్కలా మొదలవుతాయి. పావుగంట ముందు చేరండి, ఎందుకంటే అక్కడ నల్ల అంగీ వేసుకున్నవాళ్లు ఒక్కరు కాదు, నలుగురుంటారు. నేను ఒక్కదాన్నే వెళ్లినప్పుడు కంగారులో వేరే అంగీ వెనక పడ్డాను, రెండో కథ అయ్యాక గానీ అది నేను డబ్బు కట్టిన టూర్ కాదని తెలియలేదు. టికెట్ మీద పేరు, గైడ్ చేతిలో బోర్డు మీద పేరు కలిశాయో లేదో చూసుకోండి. అక్కడే రోడ్డు మీద రాళ్లతో పేర్చిన గుండె బొమ్మ ఉంటుంది, పాత జైలు ఉన్న చోటది, లోకల్ వాళ్లు దాని మీద ఉమ్మేసి పోతారు. ఫోటో కోసం దాని మీద కూర్చోవద్దు.

నడిచేటప్పుడు గ్రూపు చివర ఉండకండి. గాలికి మాట వినపడదు, స్కాటిష్ యాస ముందే కష్టం, దానికి తోడు దూకేవాళ్లు వెనకనుంచే దూకుతారు. గైడ్‌కి రెండు మూడు అడుగుల దూరంలో, గోడ వైపు నిలబడితే అన్నీ వినపడతాయి. అర్థం కాని మాట ఉంటే అడగండి, వాళ్లకి అది ఇష్టమే. స్మశానంలో సమాధుల మీదికి ఎక్కకండి, ముట్టుకోకండి. 2003లో ఇద్దరు కుర్రాళ్లు మెకంజీ సమాధిలోకి దూరి ఒక శవం తల తీసి ఆడుకుని కోర్టు దాకా వెళ్లారు. స్మశానం బయట, యజమాని సమాధి దగ్గర ఏళ్ల తరబడి కాపలా ఉందని చెప్పుకునే బాబీ అనే కుక్క విగ్రహం ఉంది, దాని ముక్కు రుద్దితే అదృష్టమని ఎవరో పుట్టించారు, రుద్ది రుద్ది ముక్కు అరిగిపోతోంది, ఊళ్లో వాళ్లకి ఒళ్లు మండుతుంది. మీరూ రుద్దకండి.

ఉచిత టూర్లయితే చివర్లో గైడ్ చేతిలో ఎంతో కొంత పెట్టాలి, వాళ్ల జీతం అదే. గ్లాస్గో వైపు తిరిగి వెళ్లేవాళ్లు ఆఖరి రైలు టైం ముందే చూసుకోండి, గైడ్ మంచి ఊపులో ఉంటే పావుగంట ఎక్కువే సాగుతుంది.

పెద్దవాళ్లని స్మశానం టూర్‌కి తీసుకెళ్తే ఇంకొక్కటి. ఆ రోజు అమావాస్య కాదని ముందే క్యాలెండర్ చూసి పెట్టుకోండి, దారిలో అడుగుతారు. బసలో రాత్రి వేడినీళ్లు వస్తాయో లేదో కూడా కనుక్కోండి. స్మశానానికి వెళ్లొచ్చి తలస్నానం చేయకుండా గది లోపల అడుగు పెట్టనని మా అత్తమ్మ రాత్రి పదకొండున్నరకి కారిడార్‌లో నిలబడింది. స్నానం గది లోపలే ఉందని మామయ్య నచ్చజెప్పడానికి పది నిమిషాలు పట్టింది. తెల్లారి లేచి చూస్తే వాట్సాప్ కాల్‌లో వాళ్ల చెల్లెలికి కథ చెబుతోంది: “మెకంజీ అని ఒక వకీలు ఉండె అక్కా చెల్లెళ్ల ఉసురు పోసుకున్నోడు…” అక్కాచెల్లెళ్ల ముచ్చట ఏ గైడూ చెప్పలేదు, అది అత్తమ్మ సొంతంగా కలిపింది.